ఒకటో గేరులో పదకొండు కిలోమీటర్లు

మా ఇల్లు, మేడ మీది గది
సోమవారం పొద్దున్న

మరదలా,

కంగారు పడకు, బతికే ఉన్నాను! గుండెలో ఏదో గొట్టం మూసుకుపోతే డాక్టర్లు తెరిచారు. జరిగి ఇరవై రోజులు దాటింది. మీ అక్క నీకు చెప్పే ఉంటుంది. ఫోన్ చేద్దామంటే డాక్టరు ఫోను ముట్టుకోవద్దన్నాడు. ఫోన్లో నేను అరుస్తానట! ఉత్తరంలో అరవొచ్చా అని అడిగితే కాగితం మీద ఎంతైనా అరుచుకోమన్నాడు. అందుకని ఇదిగో, అరుస్తున్నాను: నా కారును చంపేశారు!

చంపింది మా ఎదురింటి టైలరు. ఆ మధ్యాహ్నం నేను మెట్ల మీద కూలబడ్డానట. అంతవరకే నాకు గుర్తు. కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి మంచం. "నన్నెవరు తీసుకొచ్చారు?" అని మీ అక్కనడిగితే, "ఎదురింటాయన, మన కార్లోనే" అంది. సరే, ప్రాణం నిలబెట్టాడు, కాదనను. అయితే మాత్రం కారును అలా చేస్తాడా? ఆసుపత్రి గేటు దగ్గర పొగలు కక్కుతూ ఆగిపోయిందట. తాడు కట్టి లాక్కొచ్చారు. ఇక్కడి మెకానిక్కు బానెట్ ఎత్తి చూసి, "ఇనప సామాన్లవాడికి ఇచ్చేయండి సార్" అన్నాడు. నాకు మళ్లీ గుండెనొప్పి వస్తుందేమో అనిపించింది!

తొమ్మిదేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నాను. ప్రతి ఆదివారం నా చేత్తో తుడిచాను. అద్దంలో మొహం చూసుకోనక్కర్లేదు, డోర్లో చూసుకోవచ్చు. అలాంటి బండిని ఒక్క మధ్యాహ్నంలో బూడిద చేశాడు. ఇరవయ్యేళ్ల స్నేహితుడని ఊరుకోవాలా? మాట్లాడ్డం మానేశాను.

కారును లారీ మీద నీ వర్క్‌షాపుకి పంపుతున్నాను. నువ్వు ఇంజిన్ల పనిలో ఆరితేరినదానివి. బాగు చెయ్యగలవా లేదా అన్నది తర్వాత. ముందు నాకో రిపోర్టు కావాలి. ఏ భాగం ఎందుకు పాడయింది, నడిపినవాడు ఏ తప్పు చేశాడు, ఒక్కొక్కటీ రాయి. నేను ముప్పయ్యేళ్లుగా ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దుతున్నవాణ్ణి. ఆ కాగితం పట్టుకుని వీధి దాటి, తప్పు తర్వాత తప్పు ఆయనకు చదివి వినిపిస్తాను!

నీ బావ


వర్క్‌షాపు, రెండో గుంట పక్కన
శుక్రవారం

బావగారికి,

మీ కారు దిగింది. లారీ మీంచి దించుతుంటే మా వాళ్లంతా చుట్టూ మూగారు. నిజమే, ఎంత మెరుస్తోందో! ఒకడు డోర్లో చూసుకుని తల కూడా దువ్వుకున్నాడు. తర్వాత బానెట్ ఎత్తాం. తల దువ్వుకున్నవాడు దువ్వెన జేబులో పెట్టేశాడు.

మూడు రోజులుగా విప్పుతూనే ఉన్నాను. చెప్పకుండా ఉండలేకపోతున్నాను బావా, ఇంత ముచ్చటైన శవం నా చేతికి ఎప్పుడూ రాలేదు! ప్రతి బోల్టు కింద ఒక కథ ఉంది. అన్నం తినడానికి కూడా కారు కింద పనిచేసే గుంటలోంచి పైకి రాబుద్ధి కావడం లేదు.

ఇందులో గాయాలు రెండు రకాలు. కొన్ని ఆ ఒక్క మధ్యాహ్నానివి. కొన్ని ఏళ్లనాటివి.

ముందు పాతవి. ఇంజిన్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు? కింద బోల్టు తీస్తే కారలేదు. పుల్ల పెట్టి గెలకాల్సి వచ్చింది, తారులా ఉంది. రేడియేటర్లో కూలెంట్ అన్నమాటే లేదు. తొమ్మిదేళ్లూ కుళాయి నీళ్లే పోసినట్టున్నారు. సగం గొట్టాలు తుప్పుతో పూడుకుపోయాయి. మీ గుండెకు వచ్చిన జబ్బే దానికీ వచ్చింది, దాన్ని మాత్రం ఎవరూ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. గాలి ఫిల్టర్లో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని పెంచి, ఇల్లు ఖాళీ చేసి కూడా వెళ్లిపోయాయి. బ్రేకు నూనె నల్లగా, నీరు చేరి, ఎందుకూ పనికిరాకుండా ఉంది. ఇవన్నీ టైలరు గారి లెక్కలో వెయ్యలేను.

ఇక కొత్తవి. ఇంజిన్ మీద మూతలా ఉండే హెడ్ వేడికి వంగిపోయింది. దాని కింద అతుకు కారకుండా పట్టి ఉంచే గాస్కెట్ కాలిపోయింది. క్లచ్ ప్లేటు అరిగి ఇనుము తేలింది. అంటే నడిపినంతసేపూ ఎడమకాలు క్లచ్ మీదే ఆనించి ఉంచారు. వెనక చక్రాల బ్రేకులు బొగ్గయ్యాయి. అంటే హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించకుండానే దారంతా నడిపారు. బండి కదలనని మొరాయిస్తుంటే గొంతు పిసికి మరీ లాక్కెళ్లినట్టు!

ఒక చిన్న సంగతి అడుగుతాను, చెప్పండి. మీ టైలరు గారు ఎంత పొడుగు? డ్రైవర్ సీటు ముందుకంటా జరిపి ఉంది, చివరి గాడి దాకా. అంత ముందుకి జరిపితే నా మోకాళ్లే స్టీరింగుకి కొట్టుకున్నాయి.

మీ మరదలు


మా ఇల్లు, మేడ మీది గది
బుధవారం

స్పానరమ్మకి,

నీ ఉత్తరంలో పదకొండు అక్షరదోషాలున్నాయి. ఎర్ర సిరాతో దిద్ది ఉంచాను, కావాలంటే పంపుతాను.

నేను రిపోర్టు అడిగింది టైలరు మీద. నా మీద కాదు! ఎలుకలు కాపురం పెట్టాయట! ఆయిల్ మార్చాలని నాకెవరైనా చెప్పారా? బండి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నడుస్తోంది కదా, దాని కడుపులోకి తొంగి చూడ్డం ఎందుకనుకున్నాను. బయట ఒక్క గీత పడనిచ్చానా? పడనివ్వలేదు! అది లెక్కలోకి రాదా?

టైలరు ఎంత పొడుగంటావా? తాటిచెట్టంత మనిషి. వాళ్ల కొట్టు గుమ్మంలోకి తల వంచి వెళ్తాడు. సీటు లారీవాళ్లు జరిపి ఉంటారు, దాన్ని పట్టుకుని పెద్ద పరిశోధన చెయ్యకు.

అసలు విషయం విను. నిన్న ఆగలేక వీధి దాటి వెళ్లాను. నిలబెట్టి అడిగాను.

"ఏ గేరులో నడిపావు?"

ఆయన కత్తెర కింద పెట్టి, కాసేపు ఆలోచించి, "మధ్యదాన్లో అన్నా" అన్నాడు.

"మధ్యది అంటే ఏది?"

"అదే... మరీ చిన్నదీ కాదు, మరీ పెద్దదీ కాదు."

చొక్కా కొలత చెబుతున్నాడా, గేరు చెబుతున్నాడా! "హ్యాండ్ బ్రేకు దించావా?" అంటే, "దించమన్నారా? దించే ఉంటాను" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "మన స్నేహం ఇవాళ్టితో సరి" అనేశాను. ఆయన తల వంచుకుని గుండీలు కుట్టుకున్నాడు. తప్పు చేసినవాడు కాకపోతే అలా ఉంటాడా?

ఇంటికొచ్చి చెబితే మీ అక్క లోపలికెళ్లి తలుపేసుకుంది. ఈ మధ్య తన వరస నాకేం అర్థం కావడం లేదు. కారు మాటెత్తితే చాలు, అక్కడినుంచి లేచిపోతుంది. కుడి మణికట్టుకి నెల రోజులుగా కట్టు. ఏమైందంటే వేణ్ణీళ్లు ఒలికాయంటుంది.

రిపోర్టు త్వరగా పంపు. పాత సంగతులు తీసేసి, కొత్తవి మాత్రమే.

నీ బావ


వర్క్‌షాపు
ఆదివారం

బావగారికి,

రిపోర్టు రాశాను. కానీ పంపను. ఇంజిన్ బతుకుతుంది, ఆ పూచీ నాది. హెడ్ చదును చేయించడానికి ఇచ్చాను. ఒక పది రోజులు టైలరు గారి గుమ్మం ఎక్కకండి. ఎదురుపడినా ఏమీ అనకండి. ఎందుకని అడగొద్దు. ఇంతకన్నా రాయలేను.

అక్క మణికట్టుకి నేను పంపిన మందు రాయండి. మీరే, మీ చేత్తో.

మీ మరదలు


మా ఇల్లు
గురువారం

ఏమిటీ దాపరికం?

నువ్వూ ఆ టైలరు పక్షమేనా? కొత్త కోటు కుట్టిపెడతానన్నాడా? రాసిన రిపోర్టు పంపనంటావేం? నిజం చెబితే నేను చచ్చిపోతానా? ఎవరిని చూసినా నా వెనక గుసగుసలు, నన్ను చూడగానే చప్పున మాట మార్చడాలు! గాజుబొమ్మలా చూస్తున్నారు అందరూ. నాకు నిజం కావాలి. మొత్తం కావాలి. వచ్చే ఉత్తరంలో రాకపోతే నేనే బస్సెక్కి వస్తాను, డాక్టరు ఏమనుకున్నా సరే!

బావ


వర్క్‌షాపు, ఆఫీసు గదిలో, తలుపేసుకుని
మంగళవారం

బావా,

కూర్చోండి. కూర్చున్నారా? మీ డాక్టరుకి ఫోన్ చేసి అడిగాను. "నిజం చెబితే ఆయనకేమీ కాదు. ఎదురింటాయన మీద రోజూ ఇలా మండిపడుతుంటేనే ఏదో ఒకటి అవుతుంది" అన్నాడు. అందుకని రాస్తున్నాను.

మీ ఉత్తరంలో ఆ కట్టు సంగతి చదవగానే నా చేతిలో స్పానర్ జారిపోయింది. ఉడుకుతున్న రేడియేటర్ మూత తెలియక తిప్పితే ఆవిరి కొట్టేది సరిగ్గా అక్కడే. నా చేతికీ అలాంటి మచ్చ ఉంది. ఆ సీటు, ఆ మణికట్టు. మీ ఇంట్లో కాళ్లందక సీటు చివరి గాడి దాకా జరుపుకునే మనిషి ఒక్కతే ఉంది.

అక్కకి రాశాను, టైలరు కొట్టు చిరునామాకి. ఎనిమిది పేజీల జవాబొచ్చింది. "ఇక దాచలేను, నువ్వే చెప్పెయ్" అంది. తన మాటల్లోనే రాస్తున్నాను:

"ఆయన మెట్ల మీద కూలబడ్డారు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే రెండు అంబులెన్సులూ ఏదో ప్రమాదం దగ్గరికి వెళ్లాయి, గంట పడుతుందన్నారు. టైలరు కొట్టు మూసి ఉంది. వీధిలో పిట్ట లేదు. నా భుజం మీద వాలి నాలుగడుగులు వేశారు, వెనక సీట్లో పడ్డారు. ఆ తర్వాత పిలిస్తే పలకలేదు.

తాళం తిప్పితే కారు ముందుకి గెంతి ఆగిపోయింది. మూడుసార్లు గెంతింది. తొమ్మిదేళ్లు పక్క సీట్లో కూర్చుని ఆయన కాళ్లు చూసినదాన్ని కదా, అప్పుడు గుర్తొచ్చి ఎడమకాలు నొక్కిపెట్టి తాళం తిప్పి, కాలు కొంచెం వదిలాను. కదిలింది! నాకు దొరికింది ఒకటో గేరు. రెండోదాని కోసం వెతికితే కర్రుమని అరిచింది, భయమేసి మళ్లీ దాని జోలికి పోలేదు. కారు దారి పొడవునా ఏడుస్తూనే ఉంది. స్టీరింగు ముందు ఎర్ర దీపం వెలిగింది. వెనకనుంచి కాలిన వాసన. అద్దంలో ఆయన మొహం తప్ప నేనేమీ చూడలేదు.

సగం దూరంలో ఆవిరి కమ్మేసి రోడ్డు కనిపించలేదు. పెట్రోలు బంకులోకి తిప్పాను. అక్కడతను రాకముందే తువ్వాలుతో మూత తిప్పాను, చెయ్యి కాలింది. అతను పరిగెత్తుకొచ్చి నీళ్లు పోస్తూ, 'అమ్మా, ఆపెయ్యండి, ఇంకొంచెం నడిపితే ఇంజిన్ చచ్చిపోతుంది' అన్నాడు. 'చావనీ. ఈయన చావకూడదు' అన్నాను. ఇంకో బండి ఉందా అంటే సైకిల్ చూపించాడు. మళ్లీ ఎక్కాను.

ఆసుపత్రి గేటు దగ్గర బ్రేకు నొక్కితే కాలు నేలకి తగిలింది. బండి ఆగలేదు. ఎదురుగా చక్రాల కుర్చీలో ఎవరో ముసలావిడ. రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు పట్టుకుని లాగాను. ఆవిడకి మూరెడు దూరంలో ఆగింది."

బావా, పదకొండు కిలోమీటర్లు! ఒకటో గేరులో! లైసెన్సు లేదు, నేర్పినవాళ్లు లేరు. ఇంత హింస పడిన ఇంజిన్ రెండు కిలోమీటర్లకే పట్టేసి ఆగిపోవాలి. ఎలా మోసిందో ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న నాకే అంతుపట్టడం లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. రేడియేటర్ శుభ్రంగా ఉండి ఉంటే హెడ్ వంగేదే కాదు. బ్రేకు నూనె రెండేళ్లకోసారి మార్చి ఉంటే గేటు దగ్గర కాలు నేలకి తగిలేది కాదు. అక్క ఆ బండిని ముప్పావుగంట హింసించింది. మీరు తొమ్మిదేళ్లు హింసించారు.

మీ మరదలు


మా ఇల్లు, ముందు గది
శనివారం

అమ్మా మరదలా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్క తప్పూ దిద్దలేదు. కనపడలేదు.

మీ అక్క వెనక వరండాలో బట్టలు ఆరేస్తోంది. వెళ్లి పక్కన నిలబడ్డాను. ఉత్తరం నా చేతిలో చూసింది. కట్టు విప్పి చూశాను. ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉండి ఆ చెయ్యి ఒక్కసారైనా పట్టుకుని చూడలేదు నేను. వేణ్ణీళ్లంటే వేణ్ణీళ్లనుకున్నాను.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే మీరు ముందు నా గురించి అడుగుతారో, బండి గురించి అడుగుతారో తెలీక" అంది.

ఏది ముందు అడిగేవాణ్ణో నాకు తెలుసు. నెల రోజులుగా నేను అడుగుతున్నది దాని గురించే కదా. ఒకసారి, చాలా ఏళ్ల క్రితం, సరదాగా స్టీరింగు ముందు కూర్చుంటే "దిగు, నీకు చేతకాదు" అన్నానట. నాకు గుర్తే లేదు. తనకి ఏ రోజో, ఎన్ని గంటలకో కూడా గుర్తుంది.

అక్కడినుంచి తిన్నగా వీధి దాటాను, చెప్పులు కూడా వేసుకోలేదు. టైలరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు, మళ్లీ తిట్లు తినడానికి సిద్ధంగా. నేను ఏదో పెద్దగా చెప్పాలనుకున్నాను. "నువ్వు నడపలేదు" అని మాత్రమే రాగలిగింది నోటంట.

"హమ్మయ్య! తెలిసిపోయిందా?" అని కుర్చీలో కూలబడ్డాడు. "అన్నా, నాకసలు బండి నడపడమే రాదు!"

చూశావా! ఇరవయ్యేళ్లు ఎదురెదురుగా ఉన్నాం. ఒక్కసారి అడగలేదు నేను! "మరి అన్ని మాటలు ఎందుకు పడ్డావయ్యా?" అంటే, "నన్ను తిట్టినప్పుడల్లా మీ మొహంలోకి రంగొస్తోందని మీ ఆవిడ చెప్పింది. మందు పనిచేస్తోంది కదా అని ఊరుకున్నా" అన్నాడు. నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. ఆయన కుడుతున్న చొక్కాతోనే మొహం తుడుచుకున్నాను, అదెవరిదో పాపం.

సాయంత్రం మీ అక్కని డ్రైవింగు స్కూల్లో చేర్పించాను. ఫారం మీద సంతకం పెట్టబోయి, కలం పైకెత్తి, మళ్లీ మొదటినుంచి చదివింది. భయమా అని అడిగాను.

"కాదు, ఆనందం. పక్కకి జరగండి, వెలుగు పడటం లేదు" అంది.

నీ బావ


వర్క్‌షాపు
నెలన్నర తర్వాత, సోమవారం మధ్యాహ్నం

బావా! అక్కా!

స్టార్టయింది! స్టార్టయింది! చేతులు కూడా కడుక్కోకుండా రాస్తున్నాను, మరకలు పట్టించుకోకండి!

హెడ్ చదునై వచ్చింది. కొత్త గాస్కెట్, కొత్త క్లచ్, కొత్త బ్రేకులు, కొత్త రేడియేటర్. పది గంటలకి తాళం తిప్పితే దగ్గి ఊరుకుంది. పదకొండింటికి మళ్లీ దగ్గింది. చూస్తే పెట్రోలు గొట్టంలో పాత చెత్త. ఊది, బిగించి, మళ్లీ తిప్పాను. అంతే! గుర్రుమని లేచింది! మా వాళ్లంతా ఈలలు వేశారు. బానెట్ మీద చెవి ఆనించి అరగంట విన్నాను. ఒక్క వంకర శబ్దం లేదు.

అక్క లైసెన్సు వచ్చిందని రాశారు. నా కాళ్లు నేల మీద ఆనడం లేదు! వెంటనే రైలెక్కి రండి. తాళాలు అక్క చేతికే ఇస్తాను. మీరు అడిగినా ఇవ్వను.

మీ మరదలు


ఊరి పేరు అడగలేదు, లాడ్జి రెండో అంతస్తు, సముద్రం వైపు గది
బుధవారం పొద్దున్న

మరదలా,

చిరునామా చూసి ఆశ్చర్యపోతున్నావు కదూ? మేమూ అంతే!

నీ వర్క్‌షాపు గేటు దాటాక మొదటి పది నిమిషాలు నేను ఊపిరి బిగబట్టాను. నా కుడికాలు ఉత్తినే నేలని నొక్కుతూనే ఉంది. "బ్రేకు ఇటుంది, మీ వైపు లేదు" అంది మీ అక్క. రెండో గేరు వేసింది, మెత్తగా. మూడు. తర్వాత రోడ్డు ఖాళీ అయింది, నాలుగు! అప్పుడు తన మొహం చూడాల్సింది నువ్వు. ముప్పయ్యేళ్ల కాపురంలో అలాంటి మొహం నేను చూడలేదు. కిటికీ దించింది. గాలికి జుట్టంతా రేగిపోయింది. ముందు లారీ నత్తలా పోతుంటే హారన్ కొట్టి, అద్దం చూసి, సిగ్నల్ వేసి దాటేసింది! నేను చప్పట్లు కొట్టాను. నిజంగా కొట్టాను.

మా ఊరికి తిరగాల్సిన మలుపు వచ్చింది. తిప్పలేదు. "మలుపు పోయింది" అన్నాను. "చూశాను" అంది.

"మరి ఎక్కడికి?"

"ఇటు ఎప్పుడూ రాలేదు కదా మనం. చూద్దాం, ఏముందో."

ఏముందంటే, నూటయాభై కిలోమీటర్ల తర్వాత సముద్రం ఉంది! ఇద్దరం బానెట్‌కి ఆనుకుని నిలబడి చూశాం. వెచ్చగా ఉంది బానెట్, అంతే, ఉడకడం లేదు. తిరిగి ఎప్పుడు వెళదాం అని నేను అడగలేదు, తనూ చెప్పలేదు. టైలరుకి ఫోన్ చేసి మొక్కలకి నీళ్లు పొయ్యమన్నాం.

ఇవాళ లేచేసరికి పక్కన లేదు. కిటికీలోంచి చూస్తే కింద బానెట్ ఎత్తి, నువ్వు నేర్పినట్టు పుల్ల బయటికి తీసి, ఆయిల్ ఎంతుందో ఎండలో పట్టి చూస్తోంది. ఇదిగో, మూత వేసింది. పైకి చూసి చెయ్యి ఊపుతోంది. ఈ వాక్యం పూర్తి చెయ్యనివ్వకుండా హారన్ కొడుతోంది. వీధివాళ్లంతా తలెత్తి నా కిటికీ వైపే చూస్తున్నారు.

వెళ్తున్నాను. ఎటు అంటావా? నాకేం తెలుసు, నేను పక్క సీటువాణ్ణి!

నీ బావ